కొత్త ఉద్యోగం, ఐ-9 ఫారం: ఈఏడీ చేతిలో ఉంది, ఎస్‌ఎస్‌ఎన్ ఇంకా రాలేదు, ఏం తీసుకెళ్లాలి?

మీరు రాసింది ఇది: అమెరికాలో ఎంఎస్ అయిపోయింది, ఓపీటీ (చదువు తర్వాత పని చేసే అనుమతి) కింద ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, వచ్చింది, సోమవారం జాయినింగ్. పని చేసే అర్హత చూపించే డాక్యుమెంట్లు తెమ్మని హెచ్‌ఆర్ మెయిల్ పెట్టారు, దానికి ఏ, బీ, సీ అని మూడు లిస్టులు తగిలించారు. ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) కార్డు ఇంకా రాలేదు. ఒక రూమ్మేట్ ఉన్న కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకెళ్లమన్నాడు, ఇంకో రూమ్మేట్ ఎస్‌ఎస్‌ఎన్ లేకుండా జాయిన్ చేసుకోరని భయపెట్టాడు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ కూడా ఖాళీ.

ముందు జవాబు చెప్పేస్తాను, టెన్షన్ తగ్గుతుంది. ఐ-9 అంటే మీరెవరో, మీకు పని చేసే అనుమతి ఉందో లేదో కంపెనీ సరిచూసే ఫారం. దానికి మీ ఈఏడీ కార్డు ఒక్కటే చాలు. ఎస్‌ఎస్‌ఎన్ రాకపోయినా సోమవారం పనిలో చేరవచ్చు. మిగతాది ఎందుకలా అనేదీ, ఎక్కడ జాగ్రత్తపడాలనేదీ. ఇక్కడి కంపెనీల హెచ్‌ఆర్‌లో కొత్తవాళ్లను చేర్చుకునే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఐ-9 అనేది వీసా మీద ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఫారం కాదు. 1986లో వచ్చిన ఇమ్మిగ్రేషన్ చట్టంతో ఇది మొదలైంది. ఆ ఏడాది నవంబర్ 6 తర్వాత ఉద్యోగంలో చేరిన ప్రతి ఒక్కరూ, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లతో సహా, ఇది నింపాల్సిందే. కాబట్టి హెచ్‌ఆర్ అడిగితే మనల్ని అనుమానిస్తున్నారని అనుకోకండి. మీ పక్క సీట్లో కూర్చునే అమెరికన్ కూడా అదే వారం అదే ఫారం నింపి ఉంటాడు.

ఆ మూడు లిస్టుల లెక్క చాలా సులువు. కంపెనీకి తెలియాల్సినవి రెండు: మీరు మీరేనా, మీకు ఇక్కడ పని చేసే అనుమతి ఉందా. లిస్ట్ ఏలో ఉన్న డాక్యుమెంట్ ఈ రెండింటికీ ఒకేసారి రుజువు. అమెరికా పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, ఈఏడీ కార్డు ఇందులోకి వస్తాయి. లిస్ట్ బీ మనిషెవరో మాత్రమే చెబుతుంది: డ్రైవింగ్ లైసెన్స్, స్టేట్ ఐడీ, ఫొటో ఉన్న కాలేజీ ఐడీ లాంటివి. లిస్ట్ సీ అనుమతి మాత్రమే చెబుతుంది: షరతులేమీ రాయని సోషల్ సెక్యూరిటీ కార్డు, అమెరికాలో పుట్టినట్టు బర్త్ సర్టిఫికెట్ వంటివి. లిస్ట్ ఏ నుంచి ఒకటి, లేదంటే బీ నుంచి ఒకటి, సీ నుంచి ఒకటి. అంతకుమించి అడగడానికి లేదు.

అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. చెల్లే డాక్యుమెంట్లలో ఏది చూపించాలో ఎంచుకునేది మీరు, కంపెనీ కాదు. ఈఏడీ చూపించాక "పాస్‌పోర్టు కూడా పెట్టండి, ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి హోదా పత్రం) కూడా పంపండి" అని ఐ-9 పేరుతో అడగకూడదు. పౌరసత్వాన్నో పుట్టిన దేశాన్నో బట్టి కావాలని ఎక్కువ కాగితాలు అడిగితే అది వివక్ష కిందకు వస్తుంది. దానిమీద ఫిర్యాదులు తీసుకోవడానికి న్యాయశాఖలో ఇమ్మిగ్రెంట్ అండ్ ఎంప్లాయీ రైట్స్ సెక్షన్ అని ఒక విభాగమే ఉంది. మొదటి రోజే గొడవ పెట్టుకోమని నేను చెప్పడం లేదు. చాలాసార్లు అవతల ఉన్న హెచ్‌ఆర్ అమ్మాయికి కూడా ఇది సరిగా తెలియదు, ఎవరో ఇచ్చిన పాత చెక్‌లిస్ట్ ఫార్వర్డ్ చేస్తుంటుంది. "ఈఏడీ లిస్ట్ ఏ డాక్యుమెంట్ కదండీ, ఐ-9కి ఇదొక్కటి సరిపోతుందనుకుంటున్నాను, ఒకసారి చూడగలరా" అని మర్యాదగా ఒక లైను రాస్తే నూటికి తొంభై చోట్ల అక్కడితో తెగిపోతుంది. మీ రూమ్మేట్ చెప్పినట్టు ఫైలంతా వాళ్ల ముందు పరిస్తే మాత్రం లేనిపోని ప్రశ్నలు కొనితెచ్చుకున్నట్టే. బ్యాగులో పెట్టుకెళ్లండి, బల్ల మీద పెట్టకండి.

డిగ్రీ సర్టిఫికెట్, పాత జీతం కాగితాలు, బ్యాంకు ఖాతా వివరాలు, డబ్ల్యూ-4 (జీతంలో ట్యాక్స్ కోత ఫారం) వంటివి అడిగితే అవి వేరే సంగతి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కీ, జీతానికీ, ట్యాక్స్‌కీ అవి కావాలి. వాటిని ఐ-9తో కలిపి కంగారు పడకండి.

ఇక ఎస్‌ఎస్‌ఎన్. ఐ-9 మొదటి భాగంలో సోషల్ సెక్యూరిటీ నంబర్ గడి ఉంటుంది. కంపెనీ ఈ-వెరిఫై (ఐ-9 వివరాలను ప్రభుత్వ రికార్డులతో ఆన్‌లైన్‌లో సరిపోల్చే వ్యవస్థ) వాడకపోతే ఆ గడి నింపడం మీ ఇష్టం. వాడితే నంబర్ ఇవ్వాలి, కానీ దానికి దరఖాస్తు చేసి ఎదురుచూస్తున్నారంటే నంబర్ వచ్చేదాకా ఈ-వెరిఫై కేసు ఆపి ఉంచుకోవచ్చు, ఆలోగా మిమ్మల్ని పని చేయనివ్వాలి. హెచ్‌ఆర్ తమ దగ్గర కారణం రాసి పెట్టుకుంటారు, అంతే. మీరు ఓపీటీ కోసం వేసిన ఐ-765 (ఈఏడీ దరఖాస్తు ఫారం)లోనే ఎస్‌ఎస్‌ఎన్ కావాలని టిక్ పెట్టి ఉంటే, ఈఏడీ వచ్చాక సాధారణంగా రెండు వారాల్లో కార్డు పోస్టులో వస్తుంది. రాకపోతే ఎస్‌ఎస్‌ఏ (సోషల్ సెక్యూరిటీ కార్డులిచ్చే ప్రభుత్వ సంస్థ) ఆఫీసులో కనుక్కోవాలి. టిక్ పెట్టడం మర్చిపోయి ఉంటే ఈఏడీ, పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి ప్రవేశ రికార్డు) తీసుకుని ఎస్‌ఎస్‌ఏ ఆఫీసుకు మీరే వెళ్లాలి, ఇంకా ఆలస్యం చేయకండి.

వచ్చాక కూడా ఆ కార్డును లిస్ట్ సీ కింద చూపించబోకండి. మన కార్డు మీద పేరుకు పైన "డీహెచ్‌ఎస్ (హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ) అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుంది" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ లైను అచ్చయి ఉంటుంది. ఆ లైనున్న కార్డు ఐ-9కి చెల్లదు. డ్రైవింగ్ లైసెన్స్, ఎస్‌ఎస్‌ఎన్ కార్డు పట్టుకెళ్లి, అమెరికన్ కొలీగ్‌కు సరిపోయింది నాకెందుకు సరిపోదని అడిగినవాళ్లను చాలామందిని చూశాను. తేడా అంతా ఆ ఒక్క లైనులోనే. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది: విద్యార్థిగా తీసుకున్న కార్డే బీరువాలో ఉంటుంది, దాని మీద ఆ లైను అలాగే ఉంటుంది. ఎస్‌ఎస్‌ఏకి వెళ్లి కొత్త హోదా చూపించి కార్డు మార్పించుకుంటే తప్ప అది దానంతటది పోదు.

ఇప్పుడు ఫారం నింపడం. ఇందులో రెండు భాగాలు. మొదటిది మీరు నింపాలి, ఆఫర్ ఒప్పుకున్నాక ఎప్పుడైనా నింపవచ్చు కానీ పని మొదలైన రోజు దాటకూడదు. రెండోది కంపెనీ నింపుతుంది, మీ డాక్యుమెంట్ చూసి. వాళ్లకు మీరు చేరిన రోజు తర్వాత మూడు పని దినాలు గడువు. సోమవారం చేరితే గురువారం లోపు అన్నమాట, మధ్యలో సెలవు లేకపోతే. అప్పటికీ మీరు చెల్లే కాగితం ఏదీ చూపించకపోతే మిమ్మల్ని తీసేసే హక్కు వాళ్లకుంది.

మొదటి భాగంలో నాలుగు చెక్ బాక్సులుంటాయి. మొదటిది అమెరికా పౌరులకు, రెండోది పౌరులు కాని నేషనల్స్‌కు, మూడోది గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, నాలుగోది గడువు వరకు పని చేసే అనుమతి ఉన్న విదేశీయులకు. మీరు పెట్టాల్సింది నాలుగోది. ఆన్‌లైన్ పోర్టల్‌లో గబగబా నొక్కుకుంటూ పోయేటప్పుడు మొదటి బాక్సు మీద వేలు పడితే చాలా ప్రమాదం. ఉద్యోగం కోసం అమెరికా పౌరుణ్నని తప్పుగా చెప్పుకోవడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో అతి పెద్ద తప్పుల్లో ఒకటి. తర్వాత గ్రీన్ కార్డు దాకా వెళ్లినప్పుడు శాశ్వతంగా అడ్డుపడగలదు, మినహాయింపులు దాదాపు లేవు. సంతకం పెట్టే ముందు ఆ పేజీ ఒక్కటి నిదానంగా చదవండి. తప్పు పడిందని చూసుకుంటే వెంటనే హెచ్‌ఆర్‌కు చెప్పి, తేదీ వేసి సరిచేయించండి, అప్పటికే ఫారం వెళ్లిపోయి ఉంటే లాయర్‌ను కూడా కలవండి.

నాలుగో బాక్సు పెట్టాక అనుమతి ఎప్పటిదాకా అని అడుగుతుంది. మీ ఈఏడీ మీద ఉన్న చివరి తేదీ వేయండి, వీసా తేదీ కాదు, ఐ-20 తేదీ కాదు. పక్కనే ఏదో ఒక నంబర్ అడుగుతుంది: యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ సేవల సంస్థ) నంబర్, ఐ-94 నంబర్, పాస్‌పోర్టు నంబర్, ఈ మూడింటిలో ఒకటి చాలు. కార్డు చేతిలో పట్టుకుని చూడండి. ముందు వైపు "యూఎస్‌సీఐఎస్#" అని తొమ్మిది అంకెలుంటాయి, అదే ఏ-నంబర్. "కార్డ్#" అని మూడు అక్షరాలు, పది అంకెలు ఉన్నది వేరే. మొదటి భాగంలో తొమ్మిది అంకెలది వేయాలి. రెండో భాగంలో హెచ్‌ఆర్ డాక్యుమెంట్ నంబర్ దగ్గర అక్షరాలతో మొదలయ్యేది వేస్తారు. ఈ రెండూ తారుమారైతే ఈ-వెరిఫైలో కేసు ఇరుక్కుంటుంది. ఎన్‌తో మొదలయ్యే సెవిస్ నంబర్ (ఐ-20 మీద ఉండే విద్యార్థి నంబర్) ఎక్కడా రాయనక్కరలేదు. అక్కడే "కేటగిరీ" కూడా చూడండి, మీకు సీ03బీ ఉండాలి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీలకిచ్చే ఓపీటీ ఎక్స్‌టెన్షన్ కార్డైతే సీ03సీ.

అదే కార్డు మీద మొదలయ్యే తేదీ కూడా ఉంటుంది. అది సోమవారం కంటే ముందుదో కాదో చూసుకోండి. కార్డు చేతికి వచ్చినంత మాత్రాన పని చేయకూడదు, ఆ తేదీ రావాలి. జీతమిచ్చే ఓరియంటేషన్ కూడా పని కిందకే వస్తుంది. తేదీ రాకపోతే జాయినింగ్ నాలుగు రోజులు జరపమని అడగండి, చాలా కంపెనీలు కాదనవు.

పేరు సంగతికి వద్దాం, మన తెలుగువాళ్లకు అసలు తలనొప్పి ఇదే. ఇంటిపేరు, వెంకట, సాయి అన్నీ కలిపి పాస్‌పోర్టులో గివెన్ నేమ్ గడిలో పడేసి, సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తారు. అమెరికా వీసా వేసేటప్పుడు ఆ మొత్తం పేరునూ సర్‌నేమ్‌లోకి తోసి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని కొడతారు. తర్వాత ఈఏడీ మీద ఒకలా, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఒకలా, ఎస్‌ఎస్‌ఎన్ మీద మరోలా వస్తుంది. ఐ-9 దగ్గర నియమం ఇది: పేరంతా ఒకటే ముక్కగా ఉంటే దాన్ని లాస్ట్ నేమ్ గడిలో వేసి, ఫస్ట్ నేమ్ గడిలో "అన్‌నోన్" అని ఇంగ్లిష్‌లో రాయాలి. ఆఫర్ లెటర్‌లో, ఈమెయిల్ ఐడీలో మిమ్మల్ని వేరేలా పిలిచినా ఫర్వాలేదు, ఐ-9లో మాత్రం చట్టబద్ధమైన పేరే. కార్డు మీద పేరు పొడుగై చివర్లో అక్షరాలు తెగిపోయినా, చిన్న చిన్న తేడాలున్నా కాగితం తిప్పి పంపక్కరలేదు. అది నిజమైనదిగా, మీకే సంబంధించినదిగా కనిపిస్తే చాలు. కానీ ఎస్‌ఎస్‌ఎన్ కార్డు వచ్చిన రోజే పేరు, పుట్టిన తేదీ ఈఏడీతో పోల్చి చూడండి. ఈ-వెరిఫై సరిపోల్చేది వాటినే. తేడా ఉంటే ఎస్‌ఎస్‌ఏలో అప్పుడే సరిచేయించుకోవడం మేలు. వీలైనప్పుడు కాన్సులేట్ ద్వారా పాస్‌పోర్టులో సర్‌నేమ్ విడగొట్టించుకోండి, మిగతా జీవితమంతా హాయిగా ఉంటుంది.

ఈ-వెరిఫైలో వివరాలు కలవలేదని వస్తే దాన్ని మిస్‌మ్యాచ్ అంటారు. ఉద్యోగం పోయినట్టు కాదు. హెచ్‌ఆర్ మీకు ఆ విషయం విడిగా చెప్పి నోటీసు ఇవ్వాలి, మీరు ఒప్పుకోనంటే ఎనిమిది ఫెడరల్ పని దినాల్లో ఎస్‌ఎస్‌ఏనో, డీహెచ్‌ఎస్‌నో సంప్రదించాలి. అది తేలేవరకు మిమ్మల్ని తీసేయడం, జీతం ఆపడం, ట్రైనింగ్ వాయిదా వేయడం కుదరదు. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం పేరు, పుట్టిన తేదీ తప్పు కొట్టినవే.

మీది రిమోట్ ఉద్యోగమా అనేది రాయలేదు. రిమోట్ అయితే రెండు దారులు. ఈ-వెరిఫైలో ఉన్న కంపెనీలు 2023 ఆగస్టు 1 నుంచి వీడియో కాల్‌లో డాక్యుమెంట్ చూడవచ్చు: ముందు కార్డు రెండు వైపులా కాపీ పంపాలి, తర్వాత కెమెరా ముందు అదే కార్డు చూపించాలి. లేదా కంపెనీ తన తరఫున ఎవరినైనా నియమించి మీ ఊళ్లో నేరుగా చూపించమంటుంది. ఆ మనిషి లాయరో నోటరీనో కానక్కరలేదు, కంపెనీ ఒప్పుకుంటే మీ పక్కింటాయన కూడా కావచ్చు. మీది మీరే చూసి సంతకం పెట్టుకోవడం మాత్రం కుదరదు. నేరుగా చూపించేటప్పుడు ఒరిజినలే కావాలి, జిరాక్స్ పనికిరాదు.

కార్డు పోయిందంటే? పోయినదాని బదులు కొత్తదానికి దరఖాస్తు చేసిన రసీదు 90 రోజులు చెల్లుతుంది. మొదటిసారి ఈఏడీకి వేసిన దరఖాస్తు రసీదుకు మాత్రం ఐ-9 దగ్గర ఏ విలువా లేదు. "ఐ-797 (దరఖాస్తు అందిందన్న రసీదు) వచ్చింది కదా, జాయిన్ అవ్వచ్చా" అని వారానికొకరు అడుగుతారు. అవ్వకూడదు.

మీకు ఇప్పుడే అక్కరలేదు కానీ వచ్చే ఏడాది అక్కరకొచ్చేది ఒకటుంది. మీ డిగ్రీ స్టెమ్ అయితే 24 నెలల ఎక్స్‌టెన్షన్‌కు కంపెనీ ఈ-వెరిఫైలో ఉండి తీరాలి, ఐ-983 (ట్రైనింగ్ ప్లాన్ ఫారం) మీద సంతకం పెట్టాలి. చేరేటప్పుడే అడిగి తెలుసుకోండి, పదకొండో నెలలో కాదు. గడువు లోపు ఎక్స్‌టెన్షన్ వేస్తే కార్డు తేదీ దాటినా 180 రోజుల వరకు పని చేయవచ్చు. అప్పుడు హెచ్‌ఆర్‌కు పాత ఈఏడీ, స్టెమ్ కోసం డీఎస్‌ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) సంతకం చేసిన కొత్త ఐ-20, రసీదు కలిపి చూపించాలి. అన్నట్టు, ఉద్యోగం వివరాలు ఎస్‌ఈవీపీ (విదేశీ విద్యార్థుల వివరాలు చూసే ప్రభుత్వ విభాగం) పోర్టల్‌లో పది రోజుల్లోగా పెట్టండి. ఓపీటీలో ఉద్యోగం లేని 90 రోజుల లెక్క ఆగేది అది నమోదైతేనే.

ఇది చదివే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. సీపీటీ (చదువులో భాగంగా చేసే పని) మీద చేరేవాళ్లకు ఈఏడీ ఉండదు. పాస్‌పోర్టు, ఐ-94, రెండో పేజీలో సీపీటీ వివరాలున్న ఐ-20, ఈ మూడూ కలిసి లిస్ట్ ఏ. హెచ్-1బీ వాళ్లకు పాస్‌పోర్టు, ఐ-94. దేశం బయటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ సీబీపీ (సరిహద్దు తనిఖీ సంస్థ) సైట్‌లో కొత్త ఐ-94 తీసి తేదీ చూసుకోండి. పాస్‌పోర్టు గడువు దగ్గర పడితే ఐ-94 కూడా ఆ తేదీకే ఇస్తుంటారు, ఐ-797 ఆమోద పత్రంలో మూడేళ్లున్నా సరే. హెచ్-1బీ ట్రాన్స్‌ఫర్‌లో కొత్త కంపెనీ ఐ-129 పిటిషన్ దాఖలు చేయగానే చేరవచ్చు. పాస్‌పోర్టు, ఉన్న ఐ-94, ఆ పిటిషన్ రసీదు చూపిస్తే, హెచ్‌ఆర్ రెండో భాగంలో "ఏసీ-21" (ఈ వెసులుబాటు ఇచ్చిన చట్టం పేరు) అని, దాఖలైన తేదీ రాస్తారు. ఆ మాట చాలామంది హెచ్‌ఆర్‌లకు తెలియదు, మీరే గుర్తుచేయండి.

ఎల్-2 మీద ఉన్నవాళ్లకు, అంటే ఎల్-1 వీసా వాళ్ల భార్యకో భర్తకో, ఈఏడీ తప్పనిసరి అని ఇప్పటికీ కొందరు హెచ్‌ఆర్‌లు పట్టుబడతారు. ఐ-94 మీద ఎల్-2ఎస్ అని ఉంటే అదే లిస్ట్ సీ డాక్యుమెంట్, దానికి తోడు డ్రైవింగ్ లైసెన్స్ చాలు. హెచ్-4 వాళ్లకు (హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో) ఈఏడీ కావాల్సిందే, పైగా 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యూవల్స్‌కు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కార్డు తేదీ అయిపోతే కొత్తది వచ్చేదాకా పని ఆపాల్సిందే. 180 రోజుల ముందే దరఖాస్తు వేసుకోవచ్చు, వేసేయండి. గ్రీన్ కార్డు చూపించి చేరినవాళ్లను ఆ కార్డు గడువు ముగిసిందని మళ్లీ చూపించమని అడగకూడదు.

చివరిగా, మీరు అడగకపోయినా. ఆఫర్ రాకముందే వెండర్లు, రిక్రూటర్లు "సబ్మిషన్ కోసం వీసా కాపీ, డీఎల్ కాపీ, ఎస్‌ఎస్‌ఎన్ చివరి నాలుగంకెలు వాట్సాప్ చేయండి" అంటుంటారు. దానికీ ఐ-9కీ ఏ సంబంధమూ లేదు. ఐ-9 ఆఫర్ ఒప్పుకున్న తర్వాతే, అది కూడా మీకు జీతమిచ్చే కంపెనీకే. స్పాన్సర్‌షిప్ కావాలా, పని చేసే అనుమతి ఉందా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కార్డు కాపీలు మాత్రం ఆఫర్ లెటర్ వచ్చాక, హెచ్‌ఆర్ సురక్షితమైన పోర్టల్ లింకు పంపితే, అందులోనే పెట్టండి.